గుమ్మం పక్క చెవి

అమ్మాయి ఇంటి బాల్కనీ,
ఆదివారం.

అక్కకి నమస్కారాలు.

నా దస్తూరీ బాగుండదు. ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడ పడితే అక్కడ పడతాయి. సూది పట్టిన చెయ్యిగానీ కలం పట్టిన చెయ్యి కాదు. తప్పులు సర్దుకుని చదువుకో. నవ్వొస్తే నవ్వుకో, మీ కోడలికి మాత్రం చూపించకు.

ఫోనుండగా వీడికి ఉత్తరమేమిటి అనుకుంటావు. ఫోనులో మాట్లాడడం ఇక్కడ కుదరడం లేదు. అల్లుడుగారు హాల్లో బల్ల వేసుకుని ఇంట్లోంచే ఆఫీసు పని చేస్తారు. కంప్యూటరులో పదిమంది కనిపిస్తుంటారు. నేను వంటింట్లోకి వెళ్ళాలంటే ఒంగుని వెళ్ళాలి, వాళ్ళకి నా తల కనిపించకుండా. ఒకసారి మరిచిపోయి బనీనుతో నడిచాను. అవతల ఎవరో ఆడమనిషి పకపకా నవ్విందట. ఆయన నన్ను ఏమీ అనలేదు. అననందుకే రెండు రోజులు అన్నం సయించలేదు.

అందుకే నాకు ఉద్యోగం ఉండాలక్కా. ఆసుపత్రి బట్టల గదిలో నా మిషను గోడ వారగా ఉంటుంది. చిరిగిన దుప్పట్లకి అతుకులు వేస్తాను, రోగుల గౌన్లకి నాడాలు కుడతాను. ఎవరూ మాట్లాడించరు. హాయిగా ఉంటుంది.

ఇప్పుడు చిక్కొచ్చి పడింది. భూమి కింద రైలు వేస్తారట, పెద్ద రోడ్డంతా తవ్వేశారు. మా వీధి చివరికొచ్చే బస్సు ఆపేశారు. వేరే బస్సు ఎక్కితే ఊరంతా తిప్పి తిప్పి పొద్దెక్కాక దింపుతుంది. బట్టల గది మేడం నిన్న పిలిచి, "పెద్దాయనా, పొద్దున షిఫ్టు అంటే పొద్దున్నే రావాలి. రాలేనంటే చెప్పండి, వేరేవాళ్ళని చూసుకుంటాను" అంది. మంచి మనిషే. అయినా అంది.

అమ్మాయి, "మానెయ్ నాన్నా, ఇంట్లో హాయిగా కూర్చో" అంటుంది. ఎక్కడ కూర్చోను? బల్ల కిందా?

ఈ బాల్కనీలో అల్లుడుగారి సైకిలు ఒకటుంది. కొన్న కొత్తలో తొక్కి వదిలేశారు. దాని మీద తువ్వాళ్ళు ఆరేస్తున్నాం. నిన్న ధైర్యం చేసి, "అల్లుడుగారూ, ఆ సైకిలు..." అన్నాను. తర్వాత మాట రాలేదు. ఆయన చెవుల్లోంచి వైర్లు తీసి, "తువ్వాలు కావాలా మామయ్యగారూ?" అన్నారు. చివరికి ఎలాగో అడిగాను. తీసుకోండి, గాలి మాత్రం కొట్టించుకోండి అన్నారు.

నర్సు ఉద్యోగం చేసినన్నాళ్ళూ నువ్వు ఊళ్ళకి సైకిలు మీదే తిరిగావు కదా. నేను తొక్కింది పొలం గట్ల మీద. ఇక్కడ రోడ్డు చూస్తే భయమేస్తోంది. ఎలా మొదలెట్టాలో రాయి. ఫోను చెయ్యకు. తొందరగా రాయి.

నీ తమ్ముడు

*

మా ఇల్లు,
పాత బస్టాండు వెనక.

తమ్ముడికి ఆశీస్సులు.

ఒరేయ్ మౌనస్వామీ! నోరు విప్పితే నాలుక అరిగిపోతుందనుకునేవాడివి, నాలుగు పేజీలు రాశావా? నీ ఉత్తరం చూసి ముందు భయమేసింది, ఎవరైనా పోయారేమోనని. తర్వాత చదివి కడుపుబ్బా నవ్వుకున్నాను. కోడలికి చూపించలేదు. చదివి వినిపించానంతే.

ఈ వయసులో నీకు సైకిలేమిటని అననులే. మోకాళ్ళు మొరాయించాయిగానీ లేకపోతే నేనిప్పటికీ తొక్కేదాన్నే. చెప్పింది చెప్పినట్టు విను.

ముందు ఆదివారం నాడు వెళ్ళు, బళ్ళు తక్కువుంటాయి. ఇంటి దగ్గర్నుంచి ఆసుపత్రి దాకా వెళ్ళి తిరిగి రా. ఎక్కడ గుంత ఉందో, ఎక్కడ కుక్క ఉందో, ఎక్కడ దిగి నడవాలో చూసి పెట్టుకో. దిగి నడిస్తే పరువేమీ పోదు. సీటు ఎత్తు కొంచెం తగ్గించు, ఆగినప్పుడు కాలు నేలకి అందాలి. బ్రేకులు రెండూ పట్టి చూడు. ప్యాంటు అంచుకి బట్టల క్లిప్పు పెట్టుకో, లేకపోతే గొలుసు నమిలేస్తుంది. విడి చొక్కా ఒకటి ఆ బట్టల గదిలో పెట్టుకో, చెమటతో మిషను ముందు కూర్చుంటే జలుబు చేస్తుంది.

మరీ అంచుకి పోకు. భయపడే వాళ్ళంతా అంచుకి పోతారు. ఆపిన కారు తలుపు ఎవడో టక్కున తీస్తాడు, పోయి దానికి కొట్టుకుంటావు. ఒక చెయ్యి పట్టేంత దూరం వదిలి, అటూ ఇటూ ఊగకుండా ఒకే గీత మీద పో. నువ్వు దుప్పటి అంచు కుడతావే, అలా.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకోటి. సైకిలు కాళ్ళతో కాదురా, చెవులతో తొక్కాలి. కళ్ళు ముందుకే ఉంటాయి. వెనకనుంచి వచ్చేది లారీయో బస్సో కారో, ఎంత దూరంలో ఉందో, నిన్ను చూసి నెమ్మదించిందో లేదో, అంతా చెవే చెప్తుంది. నన్నిన్నాళ్ళు కాపాడింది నా చెవులే. నీ చెవుల్ని నమ్ముకో.

వెళ్ళొచ్చి రాయి. అన్నట్టు, ఫోను ఎందుకు చెయ్యకూడదో నాకర్థం కాలేదు. బాల్కనీలో నిలబడి మాట్లాడొచ్చుగా?

మీ అక్క

*

బట్టల గది,
భోజనం వేళ.

అక్కకి నమస్కారాలు.

నీ ఉత్తరం చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. చెమటకి తడిసింది. అయినా చదవడానికి వస్తోంది.

ఆదివారం వెళ్ళొచ్చాను. అల్లుడుగారి హెల్మెట్టు నాకు పెద్దది. లోపల చేతిరుమాలు మడిచి పెట్టాను. సందు దాటేదాకా బాగానే ఉంది. వంతెన కింద నాలుగు రోడ్లూ కలిసే చోట దిగిపోయాను. నడిపించుకుంటూ దాటాను. అక్కడ కాయలమ్మే ముసలామె, "ఎక్కి తొక్కేదానికి కొనుక్కున్నావా, తోడు నడవడానికి కొనుక్కున్నావా?" అంది.

సోమవారం నుంచి రోజూ వెళ్తున్నాను. వేళకే చేరుతున్నాను. మేడం గడియారం వైపు చూసి తలూపింది. ఆ తలూపు చాలు నాకు. గేటు దగ్గర కాపలా అతను సైకిలుకి చోటు చూపించాడు. "తాతా, రేపు రేసుకు కూడా పోతావా?" అంటాడు.

అయితే భయం మాత్రం తగ్గలేదు. పొద్దున లేవగానే ముందు కడుపులోకి వస్తుంది. పళ్ళు తోముకుంటుంటే కాళ్ళలోకి దిగుతుంది. వంతెన కింద దిగుతూనే ఉన్నాను. ఈ ఊళ్ళో బస్సులు కొత్తవి కాబోలు, చప్పుడు లేకుండా వచ్చేస్తున్నాయి. ఏమీ లేదనుకుంటాను. ఇంతలో మోచేతి పక్కన ఇంత గోడ కదులుతుంటుంది. అందుకని నాలుగు తొక్కులకోసారి వెనక్కి తిరిగి చూసుకుంటున్నాను. సాయంత్రానికి మెడ పట్టేస్తోంది. అమ్మాయి నూనె రాసి, "కుట్టీ కుట్టీ మెడ పోయింది నాన్నా" అంది. అవునన్నాను.

నిన్న ఒకాయన కారు అద్దం దించి ఏదో అన్నాడు. నాకు తెలియలేదు. ఆశీర్వాదం కాదని మొహం చూస్తే అర్థమైంది.

చెవుల సంగతి రాశావు. చూస్తాను.

మెడకి ఏం రాసుకోవాలో చెప్పు.

నీ తమ్ముడు

*

మా ఇల్లు.

తమ్ముడికి,

మెడకి మందు తర్వాత. ముందు నేనడిగినదానికి సూటిగా జవాబు రాయి.

చప్పుడు లేని బస్సు ఎక్కడైనా ఉంటుందట్రా? నేను అమ్మాయికి ఫోను చేశాను, ఊరికే బాగోగులు అడిగినట్టు. "నాన్న ఫోను ఎత్తడమే మానేశాడత్తా. టీవీ మాత్రం పక్కింటికి వినపడేలా పెడతాడు. పిలిస్తే పలకడు, పరధ్యానం" అంది. నేనేమీ అనలేదు. నర్సుగా చేసినదాన్ని, పరధ్యానానికీ ఇంకోదానికీ తేడా నాకు తెలుసు.

ఏ చెవి? ఎప్పటినుంచి?

రాయకపోతే నేను ఊరుకోను.

మీ అక్క

*

బట్టల గది,
మేడం మీటింగుకి వెళ్ళినప్పుడు.

అక్కకి,

నీ దగ్గర ఏదీ దాగదు. చిన్నప్పుడూ అంతే.

చలి రోజుల్లో జలుబు చేసింది. తగ్గింది. కానీ ఒక చెవిలో పురుగు దూరినట్టు మోత మిగిలింది. తర్వాత ఆ మోత కూడా పోయింది. ఇప్పుడు ఆ వైపు ఏమీ లేదు. దుప్పటి కప్పినట్టుంటుంది. ఫోనులో నీ గొంతు దూరంగా నూతిలోంచి వచ్చినట్టుండేది. అందుకే ఉత్తరాలు. రెండో చెవికి పెట్టుకోవచ్చుగా అంటావు. పెట్టుకోవచ్చు. కానీ అది తోచేలోపే, "ఏంటి, ఏంటి" అని నేనంటున్నానని ఒకరోజు నువ్వు విసుక్కున్నావు. అప్పటినుంచి మానేశాను.

ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ మిషన్ల చప్పుడులో అందరూ అరుచుకునే మాట్లాడతారు, ఎవరికీ తెలియదు.

ఏ చెవి అని అడిగావు. కుడీ ఎడమా అనాలంటే నాకు ఎప్పుడూ తడబాటే. మన బడి మాట వాడతాను. మనకి మాస్టారు కుడీ ఎడమా ఎలా నేర్పారో గుర్తుందిగా. ఒక పక్క గోడ, ఒక పక్క గుమ్మం. గోడ పక్క చెయ్యెత్తండి, గుమ్మం పక్క చెయ్యెత్తండి అనేవారు. నాకు ఇప్పటికీ మనసులో ముందు అదే వస్తుంది. నాది గుమ్మం పక్క చెవి.

ఇప్పుడు నువ్వే చెప్పాలి. అమ్మాయికి తెలిస్తే సైకిలు మళ్ళీ తువ్వాళ్ళకి పోతుంది. పని పోతుంది. నేను హాల్లో ఒంగుని తిరగాలి. దండం పెడతాను, ఎవరికీ చెప్పకు. నువ్వు తొక్కొద్దంటే మానేస్తాను. నువ్వు పర్లేదంటే తొక్కుతాను. రాత్రి పడుకున్నా ఇదే. రెండిట్లో ఏదో ఒకటి తొందరగా రాయి.

నీ తమ్ముడు

*

మా ఇల్లు.

తమ్ముడికి ఆశీస్సులు.

తిట్టాలని కూర్చున్నాను. చేత కావడం లేదు. నేను విసుక్కున్నందుకు నువ్వు ఫోను మానేశావా? పిచ్చి వెధవా, నేను ఎవర్ని విసుక్కోను చెప్పు? పుట్టింటి వైపు మిగిలింది నువ్వొక్కడివే కదా.

మాస్టారి గోడా గుమ్మం ఎందుకు మర్చిపోతాను? ఆయన బెత్తం గుర్తొస్తే ఇప్పటికీ చెయ్యి దానంతటదే లేస్తుంది.

చదివి కొంచెం ఊపిరి పీల్చుకున్నాను. ఇంకో చెవి అయ్యుంటే ఈ క్షణమే సైకిలు అమ్మించేసేదాన్ని. పోయింది ఆ చెవి కాబట్టి కొంత నయం. రోడ్డు మీద బళ్ళు వచ్చేవైపు నీ మంచి చెవే ఉంది. దానితో వినొచ్చు. చప్పుడు లేదనుకోవడం నీ భయం. ఒక చెవి పోతే రెండోదాన్ని కూడా నమ్మబుద్ధి కాదు, అది సహజం. నేను చాలామందిని చూశాను.

కాబట్టి ఆ వెనక్కి తిరగడం ఆపు. తల ఎటు తిరిగితే సైకిలు అటే పోతుంది. నువ్వు తిరిగిన ప్రతిసారీ రోడ్డు మధ్యకి జరుగుతున్నావు, నీకు తెలియడం లేదు. ఆ కారాయన తిట్టింది అందుకే అయ్యుంటుంది. ముందుకి చూసి గీత మీద పో. మంచి చెవి చెప్తుంది.

అయితే ఒక షరతు. నువ్వున్నదే ఆసుపత్రి. చెవి డాక్టరుకి చూపించుకోవాలి. చూపించుకుంటావని మాటిస్తే అమ్మాయికి చెప్పను.

మీ అక్క

*

బట్టల గది.

అక్కకి నమస్కారాలు.

మాటిస్తున్నాను. చెవి డాక్టరు దగ్గర జనం ఎక్కువగా ఉన్నారు. తలుపు దాకా వెళ్ళి వచ్చాను. లోపల చీటీ రాసే అమ్మాయి నేను కుట్టిన గౌన్ల గురించి అడిగింది, ఏదో మాట్లాడి వచ్చేశాను. మళ్ళీ వెళ్తాను.

బళ్ళు వచ్చేవైపు మంచి చెవి ఉందన్నావు. ఆ మాట నాకు సరిగా ఎక్కలేదు. నాకు మాత్రం ఆ వైపే దుప్పటి కప్పినట్టుంటుంది. కానీ నువ్వు చదువుకున్నదానివి, లోపల నరాలు ఎటునుంచి ఎటు పోతాయో నీకు తెలుస్తుంది. నేనే భయంలో అనుకుంటున్నానేమో.

నువ్వు చెప్పినట్టే తల తిప్పడం తగ్గించాను. మొదటి రోజు వీపంతా జలదరించింది. ఎవరో వెనక నిలబడి చెయ్యెత్తినట్టుంది. సైకిలు మాత్రం నిజంగానే తిన్నగా పోయింది. మెడ నొప్పి కూడా తగ్గింది. వంతెన కింద కూడా దిగకుండా వెళ్ళాను ఒకసారి. కాయలామె చప్పట్లు కొట్టింది. అంటే, చేతులు కదలడం చూశాను.

వానలు మొదలయ్యాయి. తవ్విన రోడ్డంతా బురద.

రాస్తుండు.

నీ తమ్ముడు

*

మా ఫ్లాటు,
గురువారం.

అత్తా, నమస్తే. ఇది నేను. నాన్న చెప్తుంటే రాస్తున్నాను. కంగారు పడకు, ప్రాణానికేమీ లేదు. మొన్న వంతెన దగ్గర వ్యాను తగిలి పడిపోయాడు. ఫోను చేద్దామంటే, "వద్దు, అక్క గాభరా పడుతుంది, ఉత్తరమే రాయి" అని ఒకటే గొడవ. ఇక్కడ్నుంచి ఆయన మాటలు:

అక్కకి నమస్కారాలు. ఈసారి రాత బాగుంటుంది, అమ్మాయిది కదా. నేను బాగానే ఉన్నాను. వాన వెలిసింది. నేను గీత మీదే వెళ్తున్నాను. నువ్వు చెప్పినట్టు వెనక్కి తిరగలేదు. వ్యానతను హారను కొట్టాడట, చాలాసేపు కొట్టాడట. జరుగుతానని అనుకున్నాడట. ఆయన తప్పు కాదు. పాపం దిగి ఏడ్చాడు. కాయలామె నన్ను తన బుట్టల మధ్య కూర్చోబెట్టింది. గుమ్మం పక్క చెయ్యి విరిగింది. కట్టు కట్టారు. గుమ్మం పక్క మోకాలు కొట్టుకుపోయింది. నువ్వు మనసులో పెట్టుకోకు. నీ మీద నేరం లేదు. నా ఖర్మ అలా ఉంది. మేడం చూడ్డానికొచ్చింది. ఉద్యోగం సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

అంతే చెప్పాడత్తా. నాకేమీ అర్థం కావడం లేదు. హారను కొడుతుంటే ఎందుకు జరగలేదు నాన్నా అంటే గోడ వైపు చూస్తాడు. "నీ మీద నేరం లేదు" అని నీకెందుకు చెప్తున్నాడు? పైగా "గుమ్మం పక్క చెయ్యి" అట. ఏ గుమ్మమో, ఎక్కడి గుమ్మమో! కుడి చెయ్యి అని రాస్తానంటే ఒప్పుకోడు, "అలాగే రాయి, అక్కకి తెలుస్తుంది" అంటాడు. విరిగింది కుడి చెయ్యి అత్తా. కుట్టే చెయ్యి.

సైకిలు హేండిలు వంకరైంది. ఈయన బాల్కనీలో పెట్టారు. ఇక దాన్ని ముట్టుకోనివ్వను.

నీ మేనకోడలు

*

మా ఇల్లు.

అమ్మా,

ఈ కవరు మీద కావాలనే నీ చిరునామా రాశాను. దీన్ని నువ్వే పైకి చదువు. గట్టిగా చదువు. నాన్నకి ఎడమ పక్కన కూర్చుని చదువు.

నీ ఉత్తరంలో "కుడి చెయ్యి" అన్న మాట చదివి, మీ నాన్న పాత ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. కోడలు వచ్చి నీళ్ళిచ్చింది.

మీ నాన్నకి కుడి చెవి వినపడదు. చలికాలం నుంచి వినపడదు. ఎవరికీ చెప్పొద్దని నాకు రాశాడు. ఏ చెవి అని అడిగితే "గుమ్మం పక్క చెవి" అన్నాడు. నాకు గుమ్మం పక్క అంటే ఎడమ. ఎప్పుడూ ఎడమే. బళ్ళు దాటేది కుడి పక్కనుంచే కాబట్టి, ఎడమ చెవి పోతే రోడ్డు మీద పెద్ద ప్రమాదం లేదనుకుని, వెనక్కి తిరిగి చూడకు, నేరుగా పో అని రాశాను. వాడు వాడి కళ్ళతో బతికి బయటపడుతుంటే, నేను ఆ కళ్ళకి గంతలు కట్టాను. వ్యాను గుద్దలేదమ్మా, నేను గుద్దాను.

ఒరేయ్ తమ్ముడూ, ఇప్పుడు నీతో. మన బడి ఒకటే గది. గుర్తు తెచ్చుకో. ఒక కొసన మీ చిన్న తరగతికి నల్లబల్ల, ఇంకో కొసన మా పెద్ద తరగతికి నల్లబల్ల. మధ్యలో ఒక్కడే మాస్టారు. మీరు ఆ బల్ల వైపు మొహం పెట్టి, మేము ఈ బల్ల వైపు మొహం పెట్టి కూర్చునేవాళ్ళం. నీదీ నాదీ చివరి వరస. నీ వీపు నా వీపుకి ఆనేది. నువ్వు నిద్రపోతే నా మీదికి వాలేవాడివి. మరి నీ గుమ్మం నా గుమ్మం ఎలా అవుతుందిరా? నీకు కుడి పక్కనున్న గుమ్మం నాకు ఎడమ పక్కన. మాస్టారు ఇద్దరికీ ఒకే మాట నేర్పారు. ఇద్దరం సరిగానే నేర్చుకున్నాం. ఇన్నేళ్ళు వచ్చినా ఒకరి మొహం ఎటుందో ఇంకొకరం అడగలేదు.

నీకు ఆ మాట సరిగా ఎక్కలేదని రాశావు. చదివాను. చదివి కూడా, వీడికేం తెలుసులే అనుకున్నాను.

నీకిచ్చిన మాట తప్పాను, అమ్మాయికి చెప్పేశాను. కోపం వస్తే రానీ.

అమ్మా, మీ నాన్న పనికి వెళ్ళాలో వద్దో నువ్వూ వాడూ తేల్చుకోండి. నేనిక సలహా చెప్పను, చెప్పే నోరు లేదు. ఒక్కటి మాత్రం విను. వాడు ఆ మిషను ముందు ఉన్నప్పుడే మనిషిలా కూర్చుంటాడు. మీ హాల్లో ఒంగుని నడుస్తున్నాడట. అది నువ్వెప్పుడైనా చూశావా?

నా పాత సైకిలుకి ఒక గుండ్రటి అద్దం ఉండేది. తుడిచి, గుడ్డలో చుట్టి వేరే పంపుతున్నాను. ఏం చేస్తారో మీ ఇష్టం. పెడితే కుడి పక్క పెట్టండి. కుడి. క కి కొమ్ము, డ కి గుడి.

మీ అత్త

*

అమ్మాయి ఇంటి బాల్కనీ,
ఆదివారం.

అక్కకి నమస్కారాలు.

కట్టు విప్పాక ఇదే మొదటి ఉత్తరం. వేళ్ళు ఇంకా బిగుసుకునే ఉన్నాయి. రాత ఇదివరకటికంటే అన్యాయంగా ఉంటుంది. ఇన్నాళ్ళూ అమ్మాయి చేత రాయిద్దామంటే మనసొప్పలేదు. ఇది నేనే రాయాలి.

నీ ఉత్తరం అమ్మాయి పైకి చదివింది. సగంలో ఆపి, మళ్ళీ మొదటినుంచి చదివింది. నేను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. కాగితం పక్కన పెట్టి లేచి, నా కుడి పక్కకి వచ్చి నిలబడి, మెల్లిగా ఏదో అంది. నేను పలకలేదు. మళ్ళీ ఎడమ పక్కకి వచ్చి, "నిజమేనన్నమాట" అంది. కుడి పక్క ఏమందో ఎన్నిసార్లు అడిగినా చెప్పదు.

నీ మీద కోపం లేదక్కా. వ్యాను నువ్వు గుద్దావన్నావు. ఇంకెప్పుడూ అలా రాయకు. కాగితం మీద కూడా వద్దు.

చెవి డాక్టరు దగ్గరికి అమ్మాయే లాక్కెళ్ళింది. నరం చచ్చిపోయిందట, ఇక రాదట. రెండోది బాగానే ఉందట, దాన్ని చూసుకోమన్నాడు. మేడంకి కూడా చెప్పాం. పని పోయిందనే అనుకున్నాను. ఆవిడ, "అయితే మీ మిషను ఈ గోడకి మార్పిస్తాను, అప్పుడు మీ మంచి చెవి నా వైపు ఉంటుంది. ఇన్నాళ్ళూ నన్ను లెక్కచెయ్యరనుకున్నాను పెద్దాయనా" అంది. చెయ్యి కుదిరేదాకా ఆగుతానంది.

ఇక సైకిలు. అమ్మాయి ససేమిరా అంది. నీ అద్దం వచ్చినా గుడ్డ విప్పలేదు. అలాగే చాలా రోజులు గూట్లో ఉంది. ఒకరోజు నేను వంటింట్లోకి ఒంగుని వెళ్తుంటే అమ్మాయి చూసింది. అంతకుముందు ఎన్నిసార్లు చూసిందో, ఆ రోజే నిజంగా చూసింది. సాయంత్రం అల్లుడుగారు నీ అద్దం పట్టుకుని బాల్కనీలోకి వచ్చారు. "మామయ్యగారూ, ఇది ఎటు పక్క?" అన్నారు. కుడి అన్నాను. నోటితో కుడి అని అనడం నాకే కొత్తగా ఉంది. హేండిలు ఆయనే సరిచేయించారు.

ఇవాళ పొద్దున ఇద్దరం వెళ్ళాం. ఆయన ఎవరి దగ్గరో సైకిలు అడిగి తెచ్చుకున్నారు. వంతెన కిందినుంచి వద్దని, మురికి కాలువ పక్కనుంచి చుట్టుదారి చూపించారు. ఎక్కువ దూరమేగానీ బస్సులు రావు. ఒక్కచోట మాత్రం పెద్ద రోడ్డు దాటాలి. నేను ముందు, ఆయన వెనక. అద్దంలో ఆయన మొహం కనిపిస్తూనే ఉంది. అమ్మాయి పెళ్ళయి ఇన్నేళ్ళయింది, ఆయన మొహం నేను అంతసేపు చూడడం ఇదే మొదటిసారి. నాకంటే ఎక్కువ భయపడుతున్నారు. దాంతో నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

పెద్ద రోడ్డు దగ్గర ఒక బస్సు వచ్చింది. చప్పుడు లేదు. కానీ అద్దంలో ముందు చిన్నగా, తర్వాత పెద్దగా కనిపించింది. ఆగాను. వెళ్ళిపోయింది. అంతే. దిగి, కాసేపు చెట్టు పట్టుకుని నిలబడ్డాను. ఆయన మంచినీళ్ళిచ్చారు.

రేపటినుంచి ఒక్కణ్ణే వెళ్ళాలి. వాన పడితే వెళ్ళకూడదని అమ్మాయి షరతు. చేరగానే మేడం చేత కబురు చెయ్యించాలి, అది ఇంకో షరతు. సరేనన్నాను. భయం పోయిందని రాస్తే అబద్ధమవుతుంది. రాసేటప్పుడే కడుపులో ఉంది. పొద్దున కాళ్ళలోకి వస్తుంది. రానీ.

ఒక మాట చెప్పాలనిపించింది. మన బడిలో నువ్వు నా వీపుకి వీపు ఆనించి కూర్చునేదానివి. నేను చూడలేని వైపంతా నువ్వు చూస్తుండేదానివి. మాస్టారు బెత్తం పట్టుకుని మీ వైపునుంచి వస్తుంటే మోచేత్తో పొడిచేదానివి, నేను లేచి కూర్చునేవాణ్ణి. ఇవాళ అద్దంలో ఆ బస్సును చూసినప్పుడు మోచేత్తో పొడిచినట్టే అనిపించింది.

నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయో రాయి. మీ కోడలికి ఇది చదివి వినిపిస్తావని నాకు తెలుసు. వినిపించుకో.

జవాబు తొందరగా పంపు. పోస్టతను కింద గేటు దగ్గర్నుంచి ఒక్కసారే కేకేసి వెళ్ళిపోతాడు, నాకు వినపడదు. అందుకని పని నుంచి రాగానే స్టూలు వేసుకుని, మంచి చెవి మెట్ల వైపు పెట్టి గుమ్మంలో కూర్చుంటాను. ఆలస్యం చెయ్యకు.

నీ తమ్ముడు